పిల్లల ఆకలి గురించి పేరెంట్స్‌కి చెప్పే 12 వారాల ప్రోగ్రామ్ - క్లాసు తప్పకుండా తీసుకోండి, బ్రెయిన్ టెస్ట్ మాత్రం వద్దు

చాలా పెద్ద పోస్ట్ ఇది, ఓపిక ఉన్నప్పుడు చదవండి. పిల్లల బరువు గురించి ఆన్‌లైన్‌లో పేరెంట్స్‌కి క్లాసులు చెప్పే ఒక సర్వీస్‌లో 12 వారాలు చేశాం నేనూ మా ఆయనా. పేరు రాయట్లేదు, ఎందుకంటే నేను మెచ్చుకునేదీ, తిట్టేదీ రెండూ ఒకే చోట ఉన్నాయి, పైగా ఇలాంటి ప్రోగ్రామ్‌లు ఇప్పుడు చాలానే వచ్చాయి. ఏది తీసుకున్నా లోపల ఏం చూసుకోవాలో తెలిస్తే చాలు.

మా పాపకి 9 ఏళ్ళు, బాబుకి 6. ఒకే ఇల్లు, ఒకే వంట, ఒకే టైమ్‌కి భోజనం. బాబు చాక్లెట్ సగం కొరికి మిగతా సగం టేబుల్ మీద పెట్టి ఆడుకోడానికి వెళ్ళిపోతాడు, మళ్ళీ అది గుర్తు కూడా ఉండదు. పాప అలా కాదు, కడుపు నిండా తిని లేచిన పది నిమిషాలకి వాడు వదిలేసిన ఆ సగం ముక్క కంటపడితే ఇక దాని ధ్యాస దాని మీదే, హోమ్‌వర్క్ చేస్తూ కూడా అటే చూస్తుంది. ఇన్నాళ్ళూ మేం దాన్ని ఏమనుకున్నామంటే తిండి యావ ఎక్కువ, కంట్రోల్ లేదు, మనం గారాబం చేసి చెడగొట్టాం అని. మా అత్తగారైతే "కడుపు నిండినా దీనికి కన్ను నిండదు" అనేవారు. ఆ మాట నిజానికి ఎంత దగ్గరో క్లాసుకి వెళ్ళాక తెలిసింది నాకు. తప్పల్లా ఆ మాట దాన్ని తిట్టడానికి వాడటం.

చెకప్‌లో డాక్టర్ గారు గ్రోత్ చార్ట్ చూపించి, బరువు గీత రెండేళ్ళుగా పైకే పోతోంది, ఇప్పుడే చూసుకోండి అన్నారు. అలా వెతుక్కుంటూ దీన్లో చేరాం.

ముందు ఫార్మాట్ చెప్తా. వారానికి ఒక క్లాసు, గంటన్నర, పేరెంట్స్‌కి మాత్రమే, పిల్లలు రానక్కర్లేదు. మొదట నాకు ఇదేంటి, తినేది అది అయితే క్లాసు మాకా అనిపించింది. కౌన్సెలర్ మేడమ్ చెప్పింది ఏంటంటే, 8 నుంచి 12 ఏళ్ళ పిల్లలున్న 150 కుటుంబాల మీద కెర్రీ బూటెల్ అనే సైకాలజిస్ట్ టీమ్ చేసిన స్టడీ 2017లో వచ్చింది, అందులో పిల్లలతో కలిపి క్లాసులు చెప్పినా, ఒక్క పేరెంట్స్‌కే చెప్పినా పిల్లల బరువులో వచ్చిన మార్పు దాదాపు ఒకటే అని. ఇంట్లోకి సరుకు తెచ్చేది పిల్లలు కాదు కదా, ప్లేటు పెట్టేదీ పిల్లలు కాదు. అది విన్నాక నాకు లాజిక్ అర్థమైంది. పాప ముందు దాని బరువు గురించి గంటన్నర మాట్లాడే పని లేకపోవడం ఇంకా పెద్ద ప్లస్.

మొదటి వారం 35 ప్రశ్నల ఫారం ఇచ్చారు. జేన్ వార్డల్ గారి టీమ్ 2001లో తయారు చేసిన పిల్లల తిండి అలవాట్ల ప్రశ్నాపత్రం అది, ప్రపంచమంతా రీసెర్చ్‌లో వాడతారట. తిండి చూస్తే ఎంత స్పందిస్తారు, కడుపు నిండిన సంగతి ఎంత త్వరగా తెలుస్తుంది, ఎంత మెల్లగా తింటారు, బాధొస్తే ఎక్కువ తింటారా తక్కువ తింటారా, ఇలాంటివి. ఇద్దరు పిల్లలకీ విడివిడిగా నింపమన్నారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇద్దరూ ఒక తల్లి బిడ్డలేనా అనిపించింది. పెంపకం ఒకటే అయినప్పుడు ఇంత తేడా పెంపకం వల్ల ఎలా వస్తుంది? ఆ రోజు రాత్రి నేను, మా ఆయన చాలాసేపు మాట్లాడుకోలేదు. ఎన్నిసార్లు దాన్ని తమ్ముడితో పోల్చామో ఇద్దరికీ గుర్తొస్తోంది.

రెండో క్లాసు, మూడో క్లాసు మొత్తం మెదడు గురించే. ఈ రెండు క్లాసుల కోసమైనా చేరొచ్చు అంటాను నేను. చాలా సింపుల్‌గా చెప్పారు. మన మెదడులో తిండికి సంబంధించి రెండు లెక్కలు నడుస్తుంటాయి. ఒకటి ఒంటికి కావాల్సిన శక్తి లెక్క, అది హైపోథాలమస్ చూసుకుంటుంది, కడుపు నుంచి, పేగుల నుంచి, కొవ్వు నుంచి వచ్చే హార్మోన్లు దానికి కబురు చెప్తుంటాయి. రెండోది ఇష్టం లెక్క, చూస్తే నోరూరడం, వాసనకి కాళ్ళు అటు లాగడం, అది స్ట్రయేటమ్, ఇన్సులా, అమిగ్డాలా లాంటి భాగాల పని. వీటి మీద "ఇప్పుడొద్దులే" అని చెప్పగలిగే ప్రీఫ్రంటల్ భాగం ఉంటుంది, కానీ అది పూర్తిగా తయారయ్యేసరికి మనిషికి పాతికేళ్ళు దగ్గరపడతాయి. అంటే తొమ్మిదేళ్ళ పిల్లని కంట్రోల్ చేసుకోవే అనడం, ఇంకా కట్టని గోడకి ఆనుకోమనడం లాంటిది.

తర్వాత స్టడీలు చూపించారు. 2010లో అమండా బ్రూస్ వాళ్ళు ఊబకాయం ఉన్న పిల్లలు 10 మందిని, మామూలు బరువున్న పిల్లలు 10 మందిని మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపించే ఎఫ్ఎమ్ఆర్ఐ స్కానర్‌లో పడుకోబెట్టి తిండి బొమ్మలు చూపించారు, భోజనానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. మామూలుగా ఎవరికైనా తిన్నాక ఆ బొమ్మల మీద మెదడు స్పందన తగ్గుతుంది కదా, కానీ ఊబకాయం ఉన్న పిల్లల్లో ఇష్టానికి సంబంధించిన భాగాల్లో ఆ తగ్గుదల అంతగా లేదు. తిన్నారు, కడుపు నిండింది, మెదడు మాత్రం ఇంకా బొమ్మ వైపే చూస్తోంది. నాకైతే ఆ స్లైడ్ చూస్తుంటే మా అత్తగారి మాటే వినిపించింది.

ఇంకోటి 2015లో బూటెల్ వాళ్ళది, 8 నుంచి 12 ఏళ్ళ పిల్లలు 23 మందికి స్కానర్‌లో కాస్త పంచదార నీళ్ళ రుచి చూపిస్తే, బరువెక్కువున్న పిల్లల్లో ఇన్సులాలో, అమిగ్డాలాలో స్పందన ఎక్కువొచ్చింది. సరే, ఇక్కడ ఎవరికైనా ఒక డౌట్ వస్తుంది, నాకూ వచ్చింది, అడిగాను కూడా: బరువు పెరగడం వల్ల మెదడు అలా మారిందా, మెదడు అలా ఉండటం వల్ల బరువు పెరిగిందా అని. దానికి ఎరిక్ స్టైస్ టీమ్ 2011లో చేసింది చెప్పారు. వాళ్ళు సన్నగా ఉన్న టీనేజ్ పిల్లల్నే తీసుకున్నారు, కొందరికి అమ్మానాన్నా ఇద్దరూ బరువెక్కువ ఉన్నవాళ్ళు, కొందరికి ఇద్దరూ సన్నగా ఉన్నవాళ్ళు. స్కానర్‌లో మిల్క్‌షేక్ రుచి చూపిస్తే, తల్లిదండ్రులిద్దరూ బరువున్న పిల్లల మెదడు స్పందన ఎక్కువగా వచ్చింది, డబ్బు గెలిచినప్పుడు కూడా అంతే. ఒంటి మీద బరువు రాకముందే తేడా ఉంది అన్నమాట. అయితే అదే స్టైస్ టీమ్ 2008లో దాదాపు ఉల్టా ఫలితం చూపించింది, తినేటప్పుడు స్ట్రయేటమ్ స్పందన తక్కువ ఉన్న వాళ్ళలో, ఒక రకం జీన్ కూడా తోడైతే, బరువు పెరిగే అవకాశం ఎక్కువని. ఎక్కువ స్పందనా రిస్కే, తక్కువ స్పందనా రిస్కేనా అంటే, తిండికి ముందు ఆశపడే దశ వేరు, తినేటప్పుడు దశ వేరు, చాలాకాలం ఎక్కువ తిన్నాక మెదడు అలవాటుపడిపోయే దశ వేరు, ఇదంతా ఇంకా తేలలేదు అని నిజాయితీగా చెప్పారు. ఆ నిజాయితీకే నాకు మేడమ్ మీద గౌరవం పెరిగింది. తర్వాత అదే సర్వీస్ వాళ్ళు చేసిన పని వల్లే నా బాధ, దాని గురించి కింద రాస్తా.

ఒక స్టడీ మాత్రం నాకు నిద్రపట్టనివ్వలేదు. ఒంట్లో కొవ్వు చాలినంత ఉందని మెదడుకి కబురు చెప్పే లెప్టిన్ అనే హార్మోన్ పుట్టుకతోనే లేని ఇద్దరు టీనేజ్ పిల్లల మీద సదఫ్ ఫరూఖీ గారి టీమ్ 2007లో చేసింది. ఆ పిల్లలకి లెప్టిన్ లేదు కాబట్టి తిండి బొమ్మ ఏది చూపించినా, కడుపు నిండినా సరే, మెదడు వెలిగిపోయేది. 7 రోజులు లెప్టిన్ ఇచ్చేసరికి ఆ స్పందన మామూలు వాళ్ళలా ఆకలిని బట్టి మారడం మొదలైంది. వారం! ఆ పిల్లలని అంతకుముందు ఎంతమంది తిండిపోతులని అని ఉంటారు చెప్పండి? అది చాలా అరుదైన జబ్బు, మా పాపకి అలాంటిదేం లేదు, కానీ ఆకలి అనేది గుణం కాదు అని ఒక తల్లికి అర్థం కావడానికి అంతకంటే ఏం కావాలి.

జీన్స్ గురించి కూడా చెప్పారు, 8-11 ఏళ్ళ కవల పిల్లల జంటలు 5 వేల పైగా తీసుకుని 2008లో చేసిన స్టడీలో బీఎమ్ఐ (ఎత్తుని బట్టి చూసే బరువు లెక్క) తేడాల్లో 77 శాతం జీన్స్ వల్ల అని వచ్చిందట. అది విని ఒక నాన్నగారు "ఇంక మనం చేసేదేముంది మేడమ్" అన్నారు. ఆవిడ ఇచ్చిన జవాబు నాకు బాగా నచ్చింది, "తెల్లటి చర్మం ఉన్నవాళ్ళకి ఎండలో త్వరగా కమిలిపోతుంది, అది జీన్సే, కానీ కమిలేది ఎండలోకి వెళ్తేనే కదండీ, మనం ఎండ తగ్గిద్దాం" అని. మిగతా తొమ్మిది వారాలు ఆ ఎండ తగ్గించే పనే.

ముందు దాచిపెట్టి, తాళం వేసి, కళ్ళ ముందు పెట్టి వద్దనడం మానేయమన్నారు. మేం సరిగ్గా అదే చేసేవాళ్ళం, బాబుకి ఇచ్చి పాపకి నీకొద్దు అనేవాళ్ళం. ఫిషర్, బర్చ్ అనే ఇద్దరు 1999లోనే చూపించారట, చిన్నపిల్లలకి ఒక స్నాక్ కనిపించేలా పెట్టి తిననివ్వకపోతే, తర్వాత దొరికినప్పుడు దాని మీద మోజు ఇంకా పెరిగిందని. అందుకని రూల్ ఏంటంటే, రోజూ అక్కర్లేనివి ఇంట్లోనే ఉండకూడదు, ఉన్నప్పుడు ఇద్దరికీ సమానం, అందరూ కూర్చుని తినాలి, వద్దనే మాట అసలు రాకూడదు. రాసినంత ఈజీ కాదు, మా ఆయన రాత్రిపూట తినే చిప్స్ దగ్గర ఇంట్లో రెండు వారాలు యుద్ధం. చివరికి ఆయనే మానేశారు, పాప కోసం.

టీవీ, ఫోన్ చూస్తూ తినడం బంద్. దీనికి కూడా స్టడీ ఉంది, 8-14 ఏళ్ళ పిల్లలకి తిండి యాడ్స్ చూపించాక వాళ్ళు తిండి ఎంచుకునేటప్పుడు రుచికే ఎక్కువ విలువిచ్చారు, నిర్ణయం కూడా గబుక్కున తీసుకున్నారు, 2016లో వచ్చింది అది. మా ఇంట్లో స్క్రీన్ తీసేశాక మొదటి వారం పాప భోజనం దగ్గర ఏడ్చింది, రెండో వారం నుంచి స్కూల్ కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది. రెండోసారి పెట్టుకోవాలంటే 20 నిమిషాలు ఆగి అడగాలి, అడిగితే కచ్చితంగా పెట్టాలి. సగం సార్లు అడగదు. నిద్ర టైమ్ అరగంట ముందుకి జరిపాం, అది పెద్ద కష్టం కాలేదు.

అన్నిటికంటే పనికొచ్చింది ఎనిమిదో వారంలో నేర్పిన ఆట. ఆకలికి నంబర్లు పెట్టడం, 1 అంటే కడుపు ఖాళీ, 5 అంటే ఫుల్. తర్వాత కోరికకి వేరే నంబర్, అదీ 1 నుంచి 5. భోజనం అయ్యాక దానికి బాగా ఇష్టమైన బిస్కెట్ ఒకటి చేతిలో పెట్టి, చూడమని, వాసన చూడమని, నంబర్ చెప్పమని, తర్వాత ఐదు నిమిషాలు తినకుండా ఊరికే పట్టుకుని మళ్ళీ నంబర్ చెప్పమనాలి. నాకు ఇది పిల్లని హింసించడంలా ఉందని భయమేసింది, మేడమ్‌ని రెండుసార్లు అడిగా. తినాలనుకుంటే తినొచ్చని ముందే చెప్పండి, పందెం కాదని చెప్పండి అన్నారు.

మొదటిసారి పాప "కడుపు 5, కోరిక కూడా 5 అమ్మా" అంది. రెండు నిమిషాలకి "ఇంకా 5" అంది. నాలుగో నిమిషంలో దాని మొహంలో ఒక ఆశ్చర్యం, "అమ్మా, తగ్గుతోందే! నేనేం చేయకుండానే తగ్గుతోంది" అంది. చివరికి 2 చెప్పింది. బిస్కెట్ సగం తిని సగం డబ్బాలో పెట్టింది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి అది ఏదైనా సగం వదిలేయడం నేను చూశాను, వంటింట్లోకెళ్ళి ఏడ్చేశాను. ప్రతిసారీ ఇలా జరగదు, చాలాసార్లు మొత్తం తినేసింది, అయినా ఇప్పుడు దానంతట అదే "ఇది కడుపు ఆకలి కాదమ్మా, కళ్ళాకలి" అని చెప్తుంది. ఆ తేడా దానికి తెలియడమే నాకు పెద్ద విషయం.

ఇక బాలేనివి. వాళ్ళ యాప్ దారుణం. రోజూ తిన్నవన్నీ ఎక్కించాలి, ఒక్కరోజు మర్చిపోతే ఎర్ర గుర్తు పడుతుంది, పాప అది చూసి నేను తప్పు చేశానా అని అడిగింది. మూడో వారానికి యాప్ తీసేసి నోట్‌బుక్‌లో రాసుకున్నాం, ఎవరూ ఏమీ అనలేదు. గ్రూప్‌లో 14 కుటుంబాలు, అది ఎక్కువ, మాట్లాడే టైమ్ దొరకదు.

అసలు కోపం బ్రెయిన్ టెస్ట్ మీద. ప్యాకేజీతో పాటు అదనంగా కొనుక్కునే ఆప్షన్ అది, "మీ పిల్లల ఊబకాయం రిస్క్ మెదడే చెప్తుంది" అని. క్లాసులో అంత సైన్స్ విన్నాక నమ్మేశాం, ఆరో వారంలో తీసుకెళ్ళాం. తలకి వైర్లున్న టోపీ పెట్టి, స్క్రీన్ మీద తిండి బొమ్మలు చూపించి, ఇరవై నిమిషాల్లో రంగుల రిపోర్ట్ చేతిలో పెట్టారు. పాప పక్కనే ఉండగా ఆ టెక్నీషియన్ "హై రిస్క్ వచ్చిందండి, రివార్డ్ సెంటర్ ఓవర్‌యాక్టివ్" అన్నాడు, అంటే ఆ ఇష్టం లెక్క చూసే భాగం అతిగా పనిచేస్తోందని. ఎరుపు రంగు పూసిన మెదడు బొమ్మ. ఇంటికొచ్చేదాకా అది మాట్లాడలేదు. రాత్రి పడుకున్నాక మెల్లగా "అమ్మా, నా బ్రెయిన్ పాడైపోయిందా? బాగు చేయరా?" అని అడిగింది.

ఆ మాట నేను మర్చిపోలేను. ఎవరూ తమ పిల్ల నోట అది వినకూడదనే ఇంత పెద్ద పోస్ట్ రాస్తున్నా, కాబట్టి ఈ పేరా జాగ్రత్తగా చదవండి. నేను పైన చెప్పిన మెదడు స్పందన స్టడీలన్నీ ఎఫ్ఎమ్ఆర్ఐ మీద చేసినవి, అది రక్తంలో ఆక్సిజన్ మార్పుని బట్టి మెదడు పనిని అంచనా వేసే పెద్ద మెషీన్. స్ట్రయేటమ్ మెదడు లోతుల్లో ఉంటుంది, టోపీ పెట్టి తీసే ఈఈజీకి ముఖ్యంగా అందేది పైపొర కరెంట్, లోతున ఏం జరుగుతోందో దాన్ని బట్టి తేల్చి చెప్పడం చాలా కష్టం. సరే ఎఫ్ఎమ్ఆర్ఐయే చేశారనుకుందాం, అప్పుడు కూడా ఆ ఫలితాలు గుంపు సగటులు, పదిమంది పక్కన పదిమందిని పెట్టి చూసినవి. ఈ గుంపులో కొందరి స్పందన ఆ గుంపులో కొందరి కంటే తక్కువే ఉంటుంది. సగటున తేడా ఉందని చెప్పడం వేరు, మీ పాపకి ఇది జరుగుతుందని చెప్పడం వేరు. పైగా పిల్ల ఆకలితో ఉందా, రాత్రి సరిగ్గా పడుకుందా, తల కదిలించిందా, వీటన్నిటితో రీడింగ్ మారిపోతుంది, మా పాపని చివరిసారి ఎప్పుడు తిన్నావని కూడా అడగలేదు వాళ్ళు. బరువు రిస్క్ తెలుసుకోవాలంటే గ్రోత్ చార్ట్, తల్లిదండ్రుల బరువు, ఆ 35 ప్రశ్నల ఫారం చాలు, వీటికి టోపీ అక్కర్లేదు.

కౌన్సెలర్ మేడమ్‌కి ఫోన్ చేస్తే ఆవిడ కూడా బాధపడ్డారు, ఆ టెస్ట్ క్లాసు టీమ్ పెట్టింది కాదని, తను ఎవరికీ రికమెండ్ చేయనని అన్నారు. మరి ముందే ఎందుకు చెప్పలేదండీ అని అడిగాను, జవాబు లేదు. కంపెనీకి రెండు మెయిల్స్ పెట్టా, ఆప్షనల్ అని ఒక లైన్ వచ్చింది అంతే. ఏ టెస్ట్ రిజల్ట్ అయినా పిల్లల ముందు చదవకూడదనే కనీస జ్ఞానం అయినా ఉండాలి కదా.

పాపకి మాత్రం నేను ఇలా చెప్పా: నీ బ్రెయిన్ పాడవలేదమ్మా, నీ ముక్కు, కళ్ళు తిండిని అందరికంటే ముందు కనిపెడతాయి, తిండి దొరకని కాలంలో అలాంటి వాళ్ళే ముందు బతికి బయటపడేవాళ్ళు, ఇప్పుడు ఎటు చూసినా తిండే కాబట్టి వాటికి పని ఎక్కువైంది, మనం కాస్త పని తగ్గిద్దాం అని. "అంటే నాది సూపర్ పవరా" అంది. అవును అన్నా.

రిజల్ట్ అడుగుతారు కాబట్టి, 12 వారాల్లో బరువు అలాగే ఉంది, ఎత్తు ఒక సెంటీమీటర్ పైన పెరిగింది. ఎదిగే పిల్లల్లో చాలాసార్లు బరువు దించడం కాదు, ఎత్తు పెరిగేదాకా బరువు ఆపడమే టార్గెట్ అని డాక్టర్ గారు ముందే చెప్పారు, చార్ట్ చూసి సంతోషించారు. ఫోటోలు పెట్టుకునేంత మార్పు ఆశిస్తే మాత్రం నిరాశపడతారు. అలాగే పసితనం నుంచే ఆపలేనంత ఆకలి, చాలా చిన్న వయసులోనే విపరీతమైన బరువు ఉన్న పిల్లలైతే ఈ క్లాసుల కంటే ముందు పిల్లల హార్మోన్ డాక్టర్‌ని కలవండి, లెప్టిన్, ఎమ్‌సీ4ఆర్ లాంటి జీన్స్ తేడాలు పరీక్షల్లో తెలుస్తాయి, కొన్నిటికి మందులున్నాయి.

క్లాసులకి 5కి 4.5, యాప్‌కి 1, బ్రెయిన్ టెస్ట్‌కి సున్నా. ఆరు నెలల ఫాలోఅప్ క్లాసులకి ఇప్పటికే పేరు ఇచ్చేశాం. ఆ రిపోర్ట్ అడిగితే చూపించడానికి మా దగ్గర లేదు, పాపే చింపి డస్ట్‌బిన్‌లో వేసింది.